మైకు ముందు మూడు నిమిషాలు

తడ: రచ్చబండ మీద గంటసేపు గుక్క తిప్పుకోకుండా మాట్లాడే మనిషే, మైకు చేతికిస్తే గొంతు తడారిపోయి నిలబడతాడు. “అందరికీ నమస్కారం” అన్న తర్వాత రెండో మాట రాదు. వెనక నుంచి “చెప్పబ్బా, చెప్పు” అంటూ కేకలు. చెప్పాలనుకున్న నాలుగు సంగతులూ ఒకదాని మీద ఒకటి పడి, చివరికి “అంతే సార్” అని కూర్చుంటాడు. ఇంకో రకం మనిషి ఉంటాడు. మైకు దొరికితే వదలడు. వేదిక మీద ఉన్న వారందరినీ పేరుపేరునా పొగిడి, దేశ రాజకీయాలన్నీ చుట్టి వచ్చి, ఊరి సంగతి దగ్గరికి వచ్చేసరికి అధికారి గడియారం చూసుకుంటూ ఉంటాడు. ఇద్దరిలో ఒకరికి చప్పట్లు రాలేదు, మరొకరికి దండిగా వచ్చాయి. కానీ సభ ముగిశాక మినిట్సు పుస్తకం తిరగేస్తే ఇద్దరి మాటలూ అందులో కనిపించవు.

గ్రామసభల్లో, సోమవారం అర్జీల వేదికల్లో, ప్రజాభిప్రాయ సేకరణ సభల్లో ఇలాంటివి చూసి నవ్వుకుని వదిలేయడం అలవాటయింది. తడ ప్రాంతానికి మాత్రం ఇది నవ్వుకునే సంగతి కాదు. తూర్పున పులికాట్ సరస్సు, దక్షిణాన తమిళనాడు సరిహద్దు, ఊరి పక్కనే చెన్నై రహదారి, రైలు మార్గం. పడమట 2008లో మొదలైన శ్రీసిటీ, మండలంలోనే మాంబట్టు వద్ద వేలమందికి పని ఇచ్చే చెప్పుల ఫ్యాక్టరీ. 2022లో జిల్లాల విభజనతో మండలం నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాకు మారింది. ఇన్ని మార్పులు వచ్చే చోట భూమి, నీరు, వేట, ఉద్యోగం - అన్నిటి గురించీ ఎప్పుడో ఒకప్పుడు ఎక్కడో ఒక షామియానా కింద సభ జరుగుతుంది. అక్కడ మూడు నిమిషాలు మాట్లాడడం తెలిసిన ఊరికీ తెలియని ఊరికీ తేడా ఉంటుంది.

చట్టం ఈ మూడు నిమిషాలకు చాలామంది అనుకునే దానికన్నా ఎక్కువ విలువ ఇచ్చింది. పర్యావరణ ప్రభావ అంచనాపై కేంద్ర ప్రభుత్వం 2006లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, పెద్ద ప్రాజెక్టు ఏదైనా వచ్చే ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. అందులో ఒకటి స్థానిక భాషా పత్రిక అయి ఉండాలి. ప్రాజెక్టు ముసాయిదా నివేదిక కలెక్టరు కార్యాలయంలో, జిల్లా పరిషత్తులో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, సంబంధిత స్థానిక సంస్థ వద్ద ఎవరైనా చూసుకునేలా ఉంచాలి. సభకు కలెక్టరు గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేటు హోదాకు తగ్గని ఆయన ప్రతినిధి గానీ అధ్యక్షత వహించాలి. కాలుష్య నియంత్రణ మండలి ప్రతినిధి పక్కన కూర్చుని జరిగినదంతా నమోదు చేయాలి. వీడియో తీయించాలి. హాజరైన ప్రతి మనిషికీ ప్రాజెక్టు గురించి అడిగే అవకాశం ఇవ్వాలి. చదువు ఉండాలనీ, పదవి ఉండాలనీ, సంఘం తరఫున రావాలనీ ఎక్కడా లేదు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ఈ సభకు కోరం లేదు. పదిమంది వచ్చినా సభ జరిగినట్లే. “మేం పోకపోతే సభ ఆగిపోతుంది” అని ఊరంతా ఇంట్లో కూర్చుంటే, రాని వారి మాట లేకుండానే కాగితం పై అధికారులకు చేరిపోతుంది. అలాగే, ముందే ఆమోదం పొందిన పారిశ్రామిక వాడల్లోకి వచ్చే ఫ్యాక్టరీలకు విడివిడిగా ఈ సభలు అక్కరలేదు. వాడకు అనుమతి అడిగిన నాడు మాట్లాడాలి. గోడలు లేచిన తర్వాత “మమ్మల్ని అడగలేదే” అంటే జవాబు చెప్పే నాథుడు ఉండడు.

గ్రామసభ సంగతీ ఇంతే. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఊళ్ళో ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు నిర్వహించి ఉపాధి హామీ పనులకు తీర్మానాలు చేయించారు. ఆ రోజున తమ వీధి కాలువ పేరు పలికిన వాడి కాలువ జాబితాకు ఎక్కింది. ఎవరో ఒకరు చెబుతారులే అనుకున్న వాడి కాలువ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

అయితే మాట్లాడడం ఎలా?

మొదట తెలుసుకోవలసింది, ఇలాంటి సభల్లో ప్రసంగం వినేది జనం అయినా, అది చేరవలసింది రాసే గుమాస్తా కలానికి. రాసుకోవడానికి వీలుగా చెప్పిన మాటే పుస్తకంలో నిలుస్తుంది. నింపాదిగా మాట్లాడితే తెలుగులో నిమిషానికి వంద మాటలకు అటూ ఇటూ పడతాయి. మూడు నిమిషాలంటే మూడు వందల మాటలు. “వేదికను అలంకరించిన పెద్దలకు” అంటూ మొదలుపెట్టి పేర్లన్నీ చదివితే అందులో సగం అక్కడే ఖర్చు.

సరస్సు మీద బతికే ఒక మనిషి ఇలా మొదలుపెట్టాడనుకుందాం: “అయ్యా, సరస్సు మా తల్లి. తాతలనాటి నుంచి దాన్నే నమ్ముకున్నాం. మా కడుపు కొట్టొద్దు.” ఇందులో ప్రతి మాటా నిజమే. గుమాస్తా మాత్రం “మత్స్యకారులు ఆందోళన వ్యక్తం చేశారు” అని ఒక్క ముక్కతో సరిపెడతాడు. అదే మనిషి ఇంకో రకంగా చెబితే - “నా పేరు ఫలానా. ఊరు ఫలానా. ఇరవై ఏళ్ళుగా పులికాట్‌లో వేట చేస్తున్నాను. మా ఊళ్ళో నలభై పడవలు ఉన్నాయి. నావి రెండు ప్రశ్నలు. ఫ్యాక్టరీ వాడిన నీటిని ఏ కాలువలోకి వదులుతారు? ఆ కాలువ సరస్సులో ఎక్కడ కలుస్తుంది? నివేదికలో ఈ సంగతి ఏ పేజీలో ఉందో చెప్పమనండి. లేకపోతే లేదని రాసుకోమనండి.” పట్టుమని అరనిమిషం పట్టదు. పేరు, ఊరు, అనుభవం, లెక్క, ప్రశ్న - అన్నీ ఉన్నాయి. కంపెనీ వాళ్ళు జవాబు చెప్పక తప్పదు. లేవనెత్తిన అంశాలూ వాటికి కంపెనీ చెప్పిన జవాబులూ పట్టికగా తయారుచేసి స్థానిక భాషలోనూ ఇంగ్లీషులోనూ నివేదికకు జతచేయాలని ఆ నోటిఫికేషనే చెబుతోంది.

ఒక మనిషికి ఒక విషయం చాలు. పదిమంది పోతున్నారంటే పది విషయాలు ముందే పంచుకోవాలి. ఒకరు నీళ్ళ గురించి, ఒకరు పొగ గురించి, ఒకరు ఉద్యోగాల గురించి, ఒకరు రోడ్డు మీద లారీల గురించి. లేకపోతే పదిమందీ ఉద్యోగాల గురించే మాట్లాడతారు; భీమునివారిపాళెం వైపు లారీల బారు సంగతి ఒక్కరూ ఎత్తరు. ముందురోజు రాత్రి గుడి అరుగు మీద అరగంట కూర్చుంటే అయ్యే పని ఇది. విచిత్రమేమిటంటే, పెళ్ళికి వంటవాళ్ళ పనులు పంచడానికి మూడు రోజులు కూర్చునే ఊళ్ళే దీనికి అరగంట కూర్చోవు.

నెల్లూరు జిల్లాకు ఈ విద్య కొత్తది కాదు. తడ కూడా ఆ జిల్లాలోనే ఉన్న రోజుల్లో, 1990ల మొదట్లో, కలిగిరి మండలం దూబగుంటలో రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. వారి కథే అక్షరాస్యతా పుస్తకంలో పాఠమై ఊరూరా పాకింది. దూబగుంట రోశమ్మ పేరు అలాగే రాష్ట్రమంతటికీ తెలిసింది. 1992లో వేలాది మహిళలు నెల్లూరుకు తరలివచ్చి సారా వేలంపాటలను అడ్డుకున్నారు. వారిలో ఉపన్యాసకులు ఎవరూ లేరు. కూలి డబ్బుల్లో ఎంత సారాకు పోతోందో, ఇంటికి ఎంత మిగులుతోందో వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పారు. తాగునీళ్ళు రాని ఊరికి సారా ఎలా వస్తోందని అడిగారు. ఆ ప్రశ్నకు అధికారుల దగ్గర జవాబు లేకపోయింది. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అదే ఏడు అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. సంపూర్ణ మద్య నిషేధం 1995లో వచ్చి 1997లో సడలిపోయింది. అది వేరే కథ. లెక్క పట్టుకుని మాట్లాడితే ఎంత దూరం పోవచ్చో చెప్పడానికి మాత్రం ఈ జిల్లా చరిత్రలో ఇంతకన్నా పెద్ద ఉదాహరణ లేదు.

పేరున్న వక్తలకూ ఈ సీమలో కొదవలేదు. అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య అంటే అంకెలు గుర్తొస్తాయి. పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళిన ఆ మనిషి నీటిపారుదల మీద మాట్లాడితే నది, కాలువ, ఎకరం లెక్కలతో సహా వచ్చేవి. చవటపాళెంలో పుట్టిన ముప్పవరపు వెంకయ్యనాయుడు దారి వేరు. 1978లో ఉదయగిరి నుంచి శాసనసభకు వెళ్ళి, 2017 నుంచి 2022 దాకా ఉపరాష్ట్రపతిగా ఉన్న ఆయన మాటల్లో ప్రాసలు దొర్లుతాయి. విన్నవాడు ఇంటికి పోయి పదిమందికి చెబుతాడు. ఎన్నికల సభలో ప్రాస పనికొస్తుంది. ప్రజాభిప్రాయ సేకరణ సభకు మాత్రం సుందరయ్య గారి దారే మేలు. ప్రాసను మినిట్సులో రాసే గుమాస్తా ఇంతవరకూ పుట్టలేదు.

ఇక భయం సంగతి. సభాపిరికితనం చదువు లేనివారికే ఉంటుందనుకుంటే పొరపాటు. గాంధీజీ లండన్‌లో చదువుకునే రోజుల్లో శాకాహారుల సంఘం సమావేశంలో తాను రాసుకున్న కాగితాన్ని కూడా చదవలేకపోయారు. వేరొకరు చదివి పెట్టారు. బారిస్టరై బొంబాయి వచ్చాక మొదటి కేసులో సాక్షిని ప్రశ్నించడానికి లేచి, నోట మాట రాక కూర్చుని, ఫీజు తిరిగి ఇచ్చేశారు. ఈ సంగతులు ఆయన ఆత్మకథలోనే ఉన్నాయి. ఆ మనిషే 1921 ఏప్రిల్ 7న పెన్నా ఒడ్డున పల్లిపాడులో ఆశ్రమం ప్రారంభించే నాటికి ఆయన మాట కోసం జనం ఎదురుచూసే స్థితి వచ్చింది. గాంధీజీ పెద్ద గొంతుతో, చేతులు ఊపుతూ మాట్లాడిన వక్త కాదు. నెమ్మదిగా, తక్కువ మాటలతో చెప్పేవారు. మాట కూడబలుక్కోవలసి రావడం వల్ల పొదుపు అలవాటయిందని, తన బిడియం తనకు మేలే చేసిందని కూడా రాసుకున్నారు.

భయం పోవడానికి మందు లేదు గానీ, తగ్గించుకునే ఉపాయాలు ఉన్నాయి. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం కంఠతా పట్టాలి. మధ్యది పట్టకూడదు. మొత్తం బట్టీపట్టిన వాడు ఒక్క మాట మరిస్తే మిగతాదంతా పోగొట్టుకుంటాడు. నాలుగు ముక్కలు, అంకెలు ఒక చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసుకుని చేతిలో ఉంచుకుంటే నామోషీ ఏమీ లేదు. శాసనసభలో మంత్రులు కూడా కాగితం చూసే జవాబు చెబుతారు. లేచి నిలబడ్డాక వెంటనే మొదలుపెట్టకుండా ఒకసారి ఊపిరి నిండా తీసుకుని వదలాలి. గొంతు వణకడం చాలావరకు ఊపిరి అందకపోవడం వల్లే. మైకును నోటికి ఆనించకుండా బెత్తెడు దూరంలో పట్టుకోవాలి. వేలితో కొట్టి, ఊది పరీక్షించే పని మైకు సెట్టు వాడికి వదిలేయాలి. అసలు మైకు లేని రోజుల్లో హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు వేలమందికి వినిపించేలా కథ చెప్పారంటే గొంతు చించుకుని కాదు. ప్రతి అక్షరాన్నీ తెగేటట్లు పలకడం వల్ల. వాక్యం చివర గొంతు మింగేయడం మనలో చాలామందికి ఉన్న జబ్బు. తెలుగులో క్రియ వాక్యం చివరే వస్తుంది. అది వినపడకపోతే కావాలంటున్నాడో వద్దంటున్నాడో ఎవరికీ తెలియదు.

సరిహద్దు ఊళ్ళలో ఇంకో చిక్కు. ఇంట్లో అరవం, బడిలో తెలుగు, ఫ్యాక్టరీ కాగితాల్లో ఇంగ్లీషు. మైకు ముందుకు రాగానే కొందరు రాని ఇంగ్లీషులోకి, మరికొందరు పుస్తకాల తెలుగులోకి దిగుతారు. అక్కరలేదు. ఇంట్లో మాట్లాడే మాటే మాట్లాడవచ్చు. బిపిన్ చంద్రపాల్ 1907లో ఆంధ్ర పర్యటనకు వచ్చినప్పుడు ఇంగ్లీషులోనే మాట్లాడారు. రాజమహేంద్రవరంలో చిలకమర్తి లక్ష్మీనరసింహం తెలుగు చేసి చెబితే జనం ఊగిపోయారు. భాష అడ్డం కాలేదు. అనువాదం చేసేవాడు ఉన్నప్పుడు పాటించవలసిన నియమం ఒక్కటే: ఒక వాక్యం చెప్పి ఆగాలి. అరవంలో ఏకబిగిన ఐదు నిమిషాలు చెప్పి తెలుగు చెయ్యమంటే ఎంతటివాడైనా సగం మింగేస్తాడు.

అన్నిటికన్నా కష్టమైనది మధ్యలో అడ్డు తగిలే వాడిని తట్టుకోవడం. “నువ్వు ఆ పార్టీ మనిషివి కదా” అని ఒకడు, “నీ కొడుక్కి ఉద్యోగం ఇస్తే నోరు మూస్తావులే” అని ఇంకొకడు. దీనికి జవాబు చెబుతూ పోతే మూడు నిమిషాలూ గొడవకే సరి. కొన్నిసార్లు అడ్డు తగిలేవాళ్ళను అందుకోసమే తీసుకొస్తారన్నది బహిరంగ రహస్యం. మన అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకుల్లో ఒకరికి అప్రస్తుత ప్రసంగం అనే పని అప్పగిస్తారు. అవధాని పద్యం అల్లుతుండగా సంబంధం లేని ప్రశ్నలు వేసి ధ్యాస చెదరగొట్టడమే ఆయన పని. అవధాని కోప్పడడు. ఒక చమత్కారంతో నోరు మూయించి, ఆపిన పాదం దగ్గరికే తిరిగి వస్తాడు. ఊరి సభలో అంత చమత్కారం అక్కరలేదు. “ఆయన మాట ఆయన వంతు వచ్చినప్పుడు చెబుతారు. నేను నీళ్ళ గురించి అడుగుతున్నాను” అంటే చాలు. అదీ అడ్డు తగిలిన వాడి వైపు తిరిగి కాకుండా, అధ్యక్షత వహించిన అధికారి వైపు చూసి చెప్పాలి. శాసనసభలో ఎంత వేడి మాటయినా “అధ్యక్షా” అనే మొదలవుతుంది. ఎదుటివాడిని సూటిగా “నువ్వు” అంటే మాట పెరుగుతుంది. అధ్యక్షుడికి చెబితే కోపం సగం దారిలోనే చల్లారుతుంది. పెద్ద సభలవారు ఈ నియమం ఊరికే పెట్టుకోలేదు.

బడుల్లో ఇది నేర్పుతున్నారా? ఆగస్టు 15కూ జనవరి 26కూ వక్తృత్వ పోటీలు పెడతారు. మేష్టారు రాసిచ్చిన రెండు పేజీలు పిల్లవాడు రైలుబండిలా అప్పజెప్పి సబ్బుపెట్టె బహుమతిగా పుచ్చుకుంటాడు. జ్ఞాపకశక్తికి అది మంచిదే, మాట్లాడడం అనిపించుకోదు. అంతకన్నా వాదప్రతివాదాలు పెడితే ఎక్కువ ఉపయోగం. ఖర్చు లేనిది. ఒక విషయం తీసుకోవాలి: “ఊరి పక్కకు ఫ్యాక్టరీ రావడం ఊరికి మేలు.” అటు ముగ్గురు, ఇటు ముగ్గురు. ఎవరు ఏ వైపో చీటీలు వేసి తేల్చాలి. వేట చేసే వారి బిడ్డకు ఫ్యాక్టరీ కావాలనే వైపు, ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మ కూతురికి వద్దనే వైపు రావచ్చు. రావాలి కూడా. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, గంట కొట్టడానికి ఒకరు, అధ్యక్ష స్థానంలో ఒకరు. ఎదుటివారు చెప్పిన వాటిలో బలహీనమైన మాటను పట్టుకుని ఎగతాళి చేస్తే మార్కులు ఇవ్వకూడదు. అన్నిటికన్నా బలమైన మాటను తీసుకుని జవాబు చెప్పినవారికే ఇవ్వాలి. ఎదుటివాడి వాదాన్ని ముందు అతడు ఒప్పుకునేలా తన నోటితో చెప్పి, తర్వాత ఖండించడం ఇందులో ఉన్న కిటుకు. మన శాస్త్ర చర్చల్లో పూర్వపక్షం, సిద్ధాంతం అన్నది ఇదే.

ఇలాంటి పోటీలో ఒకసారి మాట్లాడిన పిల్ల రేపు ప్రజాభిప్రాయ సేకరణ సభకు పోతే, కంపెనీ మనిషి “ఇంతమందికి ఉద్యోగాలు” అన్నప్పుడు చప్పట్లు కొట్టడమో శాపనార్థాలు పెట్టడమో చేయదు. ఆ ఉద్యోగాల్లో పర్మనెంటువి ఎన్ని, కాంట్రాక్టువి ఎన్ని, స్థానికులకు ఎన్ని అని అడుగుతుంది. మాంబట్టు, శ్రీసిటీ బస్సుల్లో డ్యూటీలకు వెళ్ళే ఆడపిల్లలకు ఈ లెక్క ఇప్పటికే బాగా తెలుసు. వాళ్ళను సభకు పిలిచే వాళ్ళే తక్కువ. సభ రోజున వాళ్ళకు షిఫ్టు ఉంటుంది.

చివర్లో చాలామంది చేసే తప్పు ఒకటుంది. తాము మాట్లాడడం అవగానే లేచి వెళ్ళిపోతారు. సభ ముగిసేటప్పుడు, వచ్చిన అభిప్రాయాలన్నిటి సారాంశాన్నీ కాలుష్య నియంత్రణ మండలి ప్రతినిధి అక్కడే, స్థానిక భాషలో, అందరికీ చదివి వినిపించాలి. ఆ తర్వాతే ఆ కాగితం మీద కలెక్టరు గానీ ఆయన ప్రతినిధి గానీ అదే రోజు సంతకం చేస్తారు. చెప్పింది రాశారో లేదో తెలిసేది అప్పుడే. రాయకపోతే “అయ్యా, సరస్సులో కలిసే కాలువ గురించి నేను అడిగింది రాలేదు, చేర్చండి” అని లేచి అడిగే హక్కు ఉంది. ఆ ఒక్క వాక్యం మొదట మాట్లాడిన మూడు నిమిషాలకన్నా విలువైనది. కానీ ఆ వేళకు సాధారణంగా కుర్చీలే మిగులుతాయి.

ఇరకం వంటి దీవి ఊళ్ళ నుంచి వచ్చేవారు పడవ వేళ చూసుకోవాలి. చీకటి పడేదాకా కూర్చోమంటే కుదరదు. అలాంటివారు సభ మొదట్లోనే అధికారికి చెప్పి ముందు వంతు అడగవచ్చు. మాట్లాడింది మాట్లాడినట్లు కాగితం మీద రాసి రెండు ప్రతులు తెచ్చుకుంటే ఇంకా మంచిది. ఒకటి అధికారికి ఇచ్చి, రెండో దాని మీద ముట్టినట్లు సంతకం, తేదీ, ముద్ర వేయించుకోవాలి. సారాంశం చదివేటప్పుడు వినడానికి తడలో బంధువునో స్నేహితుణ్ణో కూర్చోబెట్టి వెళ్ళాలి. సభ వివరాల కాగితాన్ని తర్వాత పంచాయతీ కార్యాలయంలో అందరికీ కనిపించేలా అంటించాలి. అంటించకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద నకలు అడగవచ్చు.